పైనుంచి చూస్తే 252, కిందికి దిగి చూస్తే 9

1944 ఆగస్టు. ఫ్రాన్స్‌లో నార్మండీ ప్రాంతం, మోర్టేన్ అనే చిన్న ఊరు. చుట్టూ పొలాలు, పొలాల చుట్టూ మట్టిగట్ల మీద దట్టంగా పెరిగిన కంచెలు, ఆ కంచెల మధ్య ఇరుకు దారులు. యుద్ధం ఆ ఊరు దాటి ముందుకు వెళ్లిపోయాక కొందరు పరిశోధకులు నోటు పుస్తకాలు పట్టుకుని ఆ పొలాల్లో తిరిగారు. బ్రిటిష్ సైన్యానికి ఆపరేషనల్ రీసెర్చ్ అనే విభాగం ఒకటి ఉండేది. యుద్ధంలో ఏ ఆయుధం ఎంత పనిచేసిందో లెక్క తేల్చడమే దాని పని. వీళ్లు పాడైపడి ఉన్న ఒక్కో జర్మన్ ట్యాంకు దగ్గరికి వెళ్లారు. దాని చుట్టూ తిరిగారు, పైకెక్కారు, లోపలికి తొంగి చూశారు. చిల్లు ఎక్కడ పడింది? ఎంత వెడల్పుంది? రాకెట్ వల్ల పడిందా, నేల మీది ఫిరంగి వల్లా? లేక చిల్లే లేదా?

వాళ్లు రాసుకున్న లెక్క వాయుసేనకు పెద్ద దెబ్బే. మోర్టేన్ పోరులో తాము కొట్టామని బ్రిటిష్, అమెరికన్ పైలట్లు చెప్పిన ట్యాంకులు 252. ధ్వంసమైనవి, బహుశా ధ్వంసమై ఉంటాయనుకున్నవి, దెబ్బతిన్నవి అన్నీ కలిపితే వచ్చే మొత్తం అది. అసలు ఆ దాడికి జర్మన్లు దించిన ట్యాంకులు, ట్యాంకుల్లాంటి ఫిరంగి బండ్లు 177 అని ఒక లెక్క. పొలాల్లో దొరికినవి 46. వాటిలో విమానాల దెబ్బకు పోయాయని ఖాయంగా చెప్పగలిగినవి 9.

ఈ అంకెలు మొదటిసారి చదివినప్పుడు నాకు వెంటనే తోచింది, పైలట్లు అబద్ధం చెప్పారేమోనని. తర్వాత ఇంకొన్ని వివరాలు చదివాక ఆ మాట అనడం అన్యాయం అనిపించింది. పైగా ఇంకో చిక్కు ఉంది. విమానాలు నిజంగా 9 ట్యాంకులనే కొట్టి ఉంటే, దాడి మొదలైన రోజు మధ్యాహ్నం తర్వాత జర్మన్ దాడి ఎందుకు ఆగిపోయింది? జర్మన్ సేనాధిపతులు తమ ఓటమికి కారణం ఈ విమానాలేనని ఎందుకు చెప్పుకున్నారు? రెండు మాటలూ నిజమే. ఆ రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఈ విమానాల గురించి కొంచెం తెలియాలి. ఫైటర్ అంటే ఆకాశంలో శత్రు విమానాన్ని వెంటాడి కూల్చేది. నేల మీద ఉన్నవాటిని కొట్టడానికి బాంబర్లు వేరే ఉంటాయి. మరి ఫైటర్లకు ఈ పని ఎలా పడింది? బ్రిటన్‌లో హాకర్ కంపెనీ తయారుచేసిన టైఫూన్‌ను హరికేన్ అనే పాత ఫైటర్ స్థానంలో, ఎత్తులో ఎగిరే జర్మన్ విమానాలను ఎదుర్కోవడానికి రూపొందించారు. ఆ పనిలో అది విఫలమైంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ దాని ఇంజన్ శక్తి పడిపోయేది. మొదట్లో గాలిలోనే తోక విరిగి కూలిపోయినవి కూడా ఉన్నాయి. కానీ నేలకు దగ్గరగా దానంత వేగం గలవి తక్కువ. రెక్కల్లో 20 మిల్లీమీటర్ల గన్లు నాలుగు ఉండేవి. కొత్త పని కోసం రెక్కల కింద ఎనిమిది రాకెట్లు తగిలించారు.

అమెరికా వాళ్ల పీ-47 థండర్‌బోల్ట్ కథ కూడా దాదాపు ఇలాంటిదే. అది భారీ విమానం. ముందు భాగంలో 18 సిలిండర్ల ఇంజన్, రెక్కల్లో ఎనిమిది మెషిన్ గన్లు. జర్మనీ లోపలి దాకా వెళ్లే బాంబర్లకు కాపలాగా పోవాలంటే దాని ఇంధనం చాలేది కాదు. ఆ పనికి మస్టాంగ్ అనే ఇంకో ఫైటర్ వచ్చాక థండర్‌బోల్ట్‌లను ఎక్కువగా నేల మీద దాడులకు మళ్లించారు. అక్కడ దాని బరువే దానికి బలమైంది. మస్టాంగ్ ఇంజన్‌ను చల్లబరచడానికి ద్రవం ఉంటుంది. ఆ గొట్టానికి ఒక్క తూటా తగిలినా ద్రవం కారిపోయి, కాసేపట్లో ఇంజన్ బిగుసుకుపోతుంది. థండర్‌బోల్ట్ ఇంజన్ గాలికే చల్లబడుతుంది. ఒకటి రెండు సిలిండర్లు ఊడిపోయినా, రెక్కకు చిల్లులు పడినా పైలట్‌ను ఇంటికి చేర్చిన విమానాలు ఎన్నో ఉన్నాయి.

ఇంకో కారణం, 1944 వేసవి నాటికి జర్మన్ వాయుసేన బాగా చితికిపోయింది. ఆకాశంలో కొట్టడానికి శత్రువు అంతగా దొరకడం లేదు. వేల కొద్దీ ఫైటర్లు, శిక్షణ పొందిన పైలట్లు చేతిలో ఉన్నారు. కింద సైన్యం ముందుకు కదలలేక ఇబ్బంది పడుతోంది. అందుకని విమానాలు కిందికి దిగాయి.

ఇప్పుడు ఆయుధాల సంగతి. టైఫూన్ రాకెట్ తల 60 పౌండ్లు, అంటే దాదాపు 27 కిలోలు. అది నేరుగా తగిలితే ఆ కాలంలోని ఏ ట్యాంకైనా పోవాల్సిందే. ఆ తగలడమే కష్టం. ఇప్పటి క్షిపణిలా దానికి దారి చూపించేది ఏదీ లేదు. ఒకసారి వదిలాక దాని దారి దానిదే. పైలట్ విమానాన్ని లక్ష్యం వైపు ఏటవాలుగా దించుతూ, దాదాపు 900 మీటర్ల దూరంలో రాకెట్లు వదలాలి. వదిలిన రాకెట్ నేల వైపు కొంత జారుతుంది, ఆ జారుడును ముందే లెక్కలో వేసుకోవాలి. విమానం ముక్కు కాస్త పక్కకు తిరిగి ఉన్నా, పక్కగాలి వీచినా, అయిదు మీటర్లు అటో ఇటో పడుతుంది. ట్యాంకు విషయంలో అయిదు మీటర్ల తేడా అంటే గురి తప్పినట్టే.

ఇది ఎంత కష్టమో తెలుసుకోవడానికి బ్రిటిష్ వాళ్లు ఒక పరీక్ష పెట్టారు. పట్టుబడిన ఒక జర్మన్ పాంథర్ ట్యాంకును బయలు ప్రదేశంలో నిలబెట్టి, పైనుంచి స్పష్టంగా కనపడేలా రంగు వేశారు. అది కదలదు, దాని చుట్టూ కాల్చేవాళ్లు ఎవరూ లేరు, పొగ లేదు. టైఫూన్లు దాని మీదికి 64 రాకెట్లు వదిలాయి. తగిలినవి మూడు. యుద్ధంలో అదే ట్యాంకు చెట్ల నీడలో ఉంటుంది, దాని మీద కొమ్మలు కప్పి ఉంటాయి, చుట్టుపక్కల నుంచి విమానాల మీదికి తూటాలు వస్తుంటాయి.

మెషిన్ గన్ల విషయంలో ఒక అపోహ ఉంది. అది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది కాబట్టి చెప్పాలి. థండర్‌బోల్ట్ ఎనిమిది గన్లూ కలిపి సెకనుకు దాదాపు 100 తూటాలు కురిపిస్తాయి. ట్యాంకు వెనక నుంచి వచ్చి రోడ్డు మీద కాలిస్తే, ఆ తూటాలు రోడ్డుకు తగిలి పైకి ఎగిరి ట్యాంకు పొట్ట కింద ఉండే పలచని రేకును చీల్చుకుంటూ పోతాయని చాలామంది పైలట్లు నమ్మారు, యుద్ధం తర్వాత కూడా చెప్పారు. వినడానికి బాగుంటుంది. కానీ నేలకు తగిలిన తూటా తన వేగం చాలావరకు పోగొట్టుకుంటుంది, మొన నేరుగా ఉండకుండా గిరగిరా తిరుగుతుంది. పాంథర్ అడుగున ఉన్నది పలచని రేకే అయినా, అది 16 మిల్లీమీటర్ల ఉక్కు. అలా దొర్లుతూ వచ్చే తూటా దాన్ని చీల్చలేదు. మరి పైలట్లు చూసిన మంటలు? ట్యాంకు మీద కట్టుకున్న పెట్రోలు డబ్బాలు, సామాన్ల మూటలు అంటుకుని ఉండవచ్చు. పైనుంచి చూసేవాడికి మాత్రం ట్యాంకే తగలబడినట్టు ఉంటుంది.

బాంబులు ఇంకా కష్టం. చాలా తక్కువ ఎత్తు నుంచి వేసే బాంబుకు కొన్ని సెకన్లు ఆగి పేలే ఏర్పాటు పెట్టాలి, లేకపోతే వేసిన విమానమే ఆ పేలుడులో చిక్కుకుంటుంది. ఆ కొన్ని సెకన్లలో బాంబు నేలకు తగిలి ఎగిరి ఎక్కడికో పోవచ్చు.

రష్యన్లు ఈ చిక్కును ఇంకో దారిలో పరిష్కరించుకున్నారు. వాళ్ల ఇల్యూషిన్-2 ఫైటర్ కాదు, నేల దాడికే పుట్టిన విమానం, పైలట్ చుట్టూ ఉక్కు తొట్టెలాంటి కవచం ఉండేది. 1943లో కర్స్క్ యుద్ధం నుంచి ఒక్కో రాకెట్‌తో గురి చూడడం కాకుండా, ఒకటిన్నర కిలోల చిన్న చిన్న బాంబులను కుప్పగా కురిపించారు. అంత వెడల్పున చల్లితే ఏదో ఒకటి ట్యాంకు పైకప్పు మీద పడుతుందని వాళ్ల లెక్క. నా దృష్టిలో ట్యాంకును విమానం నుంచి కొట్టడం గురించి ఆ యుద్ధంలో ఎవరైనా సరిగ్గా ఆలోచించారంటే వీళ్లే.

మళ్లీ మోర్టేన్‌కు వద్దాం. 1944 ఆగస్టు 7 తెల్లవారుజామున జర్మన్ ట్యాంకులు పడమర వైపు, సముద్రానికి దగ్గరలోని అవ్రాంచ్ పట్టణం వైపు బయలుదేరాయి. నార్మండీ నుంచి దక్షిణానికి దూసుకెళ్తున్న అమెరికన్ సైన్యాన్ని మధ్యలో తెగ్గొట్టాలని హిట్లర్ ఆదేశం. పొద్దున్న దట్టమైన పొగమంచు. విమానాలు ఎగరలేకపోయాయి. మధ్యాహ్నానికి మంచు విడిపోయింది. అప్పుడు టైఫూన్లు వచ్చాయి. ట్యాంకుల సంగతి టైఫూన్లు చూసుకోవాలని, జర్మన్ విమానాలను వాటి దగ్గరికి రానివ్వకుండా అమెరికన్లు ఆపాలని అప్పటికే పంచుకున్నారు. ఆ రోజు టైఫూన్లు దాదాపు 300 సార్లు దాడికి లేచాయి. సాయం చేస్తామన్న జర్మన్ ఫైటర్లు తమ స్థావరాల దగ్గరే చిక్కుకుని, యుద్ధభూమి దాకా రాలేకపోయాయి.

టైఫూన్ పైలట్ స్థానంలో ఒక్కసారి కూర్చుని చూడండి. గంటకు 600 కిలోమీటర్ల వేగంతో కిందికి దిగుతున్నారు. రాకెట్లు వదిలిన చోటు నుంచి లక్ష్యం మీదికి రావడానికి పట్టేది అయిదారు సెకన్లు. కింద ఇరుకు దారిలో బండ్ల వరస, దుమ్ము, పొగ. మీకు ముందు దాడి చేసినవాళ్ల రాకెట్లు పేలి మంటలు లేచాయి. మీ రాకెట్లు వదిలారు. నేల దగ్గర పడుతోంది, అన్ని వైపుల నుంచి తూటాలు వస్తున్నాయి, విమానాన్ని పైకి లాగి పక్కకు తిప్పుకుంటున్నారు. వెనక్కి తిరిగి చూసేసరికి ఒక ట్యాంకు ఉన్న చోట పెద్ద మంట. అది మీ రాకెట్ వల్ల వచ్చిందా, ముందువాడి వల్లా? ట్యాంకే మండుతోందా, దాని పక్క లారీయా? పేలిన రాకెట్ తనంత తానే పెద్ద మంట, పొగ లేపుతుంది, ట్యాంకుకు పది మీటర్ల దూరంలో పడినా సరే. తిరిగి వచ్చాక అధికారి అడుగుతాడు. మీరు చూసింది చెప్తారు. మీ వెనక వచ్చినవాడు కూడా తాను చూసింది చెప్తాడు. అదే ట్యాంకు, అదే మంట. పొద్దున్న అమెరికన్ ఫిరంగికి పాడై నిలిచిపోయిన ట్యాంకును సాయంత్రం దాకా నలుగురు పైలట్లు నాలుగు సార్లు కొట్టి ఉండవచ్చు. అలా నలుగురి లెక్కలోనూ అదే ట్యాంకు చేరుతుంది. ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. అంత వేగంలో మనిషి కళ్లు చూడగలిగింది అంతే.

కింద జరిగిన పోరాటాన్ని కూడా మర్చిపోకూడదు. మోర్టేన్ పక్కన 314 అనే గుట్ట మీద దాదాపు 700 మంది అమెరికన్ సైనికులు చుట్టుముట్టబడి, ఆగస్టు 12 దాకా నిలబడ్డారు. అక్కడి నుంచి వాళ్లకు చుట్టుపక్కల రోడ్లన్నీ కనిపించేవి. రేడియోలో చెప్పి ఫిరంగి గుండ్లు ఎక్కడ కావాలంటే అక్కడ వేయించారు. దొరికిన ట్యాంకుల్లో ఎక్కువ భాగం నేల మీది ఆయుధాలకు పోయినవే. విమానాల కథ ఎంత ఆకట్టుకున్నా, ఆ గుట్ట మీద తిండి, మందులు లేక నిలబడ్డవాళ్లకు దక్కాల్సిన వాటా తగ్గించకూడదు. టైఫూన్లు వేసిన రాకెట్లలో కొన్ని ఈ అమెరికన్ల స్థావరాల మీదే పడ్డాయని కూడా చెప్పాలి.

ఇక రెండో ప్రశ్న. ట్యాంకులు అంత తక్కువ పోయినప్పుడు జర్మన్లు ఎందుకంత బెదిరిపోయారు?

ఆ పరిశోధకుల నోటు పుస్తకాల్లోనే దీనికి జవాబు ఉంది. దొరికిన ట్యాంకుల్లో కొన్నింటికి ఏ దెబ్బా లేదు. లోపలున్నవాళ్లు వదిలేసి పోయారు, లేదా తామే పేల్చేసి పోయారు. రాకెట్ తగిలే అవకాశం తక్కువని ట్యాంకు లోపలున్నవాడికి ఎవరూ చెప్పలేదు. అతనికి తెలిసింది ఒక్కటే. ఆ చప్పుడు వినిపించాక కొన్ని సెకన్లలో, తన పక్క బండి ముక్కలైపోవడం అతను చూశాడు. ట్యాంకులోనే ఉంటే మిగతా బండ్లకన్నా సురక్షితం, లెక్క ప్రకారం. అయినా చాలామంది బయటికి దూకి పొలాల్లోకి పరుగెత్తారు. బయట ఉన్నవాడిని చంపడానికి రాకెట్ తగలక్కర్లేదు, ముక్క చాలు. పట్టుబడిన జర్మన్ సైనికులను అడిగినప్పుడు వాళ్లు ఈ భయం గురించే మళ్లీ మళ్లీ చెప్పారు. ఆకాశంలో విమానం కనిపిస్తే చాలు, 'యాబో' అని అరిచేవారు. బాంబులు వేసే ఫైటర్‌కు జర్మన్ మాటను కుదించి వాళ్లు పెట్టుకున్న పేరు అది.

భయం కన్నా పెద్దది ఇంకొకటి ఉంది, దాని మీద ఎవరూ అంతగా దృష్టి పెట్టరు. ట్యాంకుకు పెట్రోలు కావాలి, గుండ్లు కావాలి, రిపేరు చేసేవాళ్లు కావాలి, తిండి కావాలి. అవన్నీ లారీల్లో వస్తాయి. లారీకి ఉక్కు కవచం లేదు. మెషిన్ గన్ తూటా పాంథర్‌ను ఏమీ చేయలేకపోవచ్చు, పెట్రోలు లారీని మాత్రం ఒక్క క్షణంలో కాల్చేస్తుంది.

మిత్ర సేనలు నార్మండీలో దిగిన 1944 జూన్ 6 తర్వాత, జర్మన్ల దగ్గరున్న బలమైన ట్యాంకు దళాల్లో ఒకటైన పాంజర్ లేర్‌ను పగటిపూటే తీరం వైపు నడిపించమన్నారు. దాని అధిపతి ఫ్రిట్జ్ బేయర్‌లైన్ తర్వాత చెప్పిన లెక్క ఇది. దారిలో పోయిన ట్యాంకులు 5. పెట్రోలు లారీలు 40, ఇతర లారీలు 90. ఈ అంకెలు ఎక్కువ చేసి చెప్పినవని కొందరు చరిత్రకారుల అనుమానం, అది సబబే కావచ్చు. కానీ అందులోని పోలిక చూడండి. తన బాధను చెప్పుకోవాలనుకున్న సేనాని కూడా ట్యాంకుల గురించి కాదు, లారీల గురించి బాధపడ్డాడు.

ఆగస్టు రెండో సగంలో ఫాలైజ్ దగ్గర ఇదే కథ ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. చుట్టుముట్టబడిన జర్మన్ సైన్యం ఒక ఇరుకైన సందులోంచి తప్పించుకోవాలని చూసింది. రోడ్లన్నీ బండ్లతో కిక్కిరిసి ఉన్నాయి. అందులో గుర్రపు బండ్లు కూడా చాలా ఉన్నాయి. జర్మన్ సైన్యం అంటే యంత్రాల సైన్యమని మన మనసులో ముద్ర పడింది కానీ, ఆ సైన్యం సామాన్లలో పెద్ద భాగం చివరి దాకా గుర్రాలే లాగాయి. ఆ రోడ్ల మీద చచ్చిపడిన గుర్రాల వాసన విమానాల్లో ఉన్నవాళ్లకు కూడా తగిలిందని చెప్పుకుంటారు. పరిశోధకులు అక్కడ ఒక చోట చూసిన 133 కవచ వాహనాల్లో విమానాల దెబ్బ తగిలినవి 33. మిగతా 100 వదిలేసినవో, సొంతవాళ్లే పాడుచేసినవో. అదే కార్లు, లారీలు, మోటారు సైకిళ్లు కలిపి 701 చూస్తే, 325కి విమానాల తూటాల గుర్తులు ఉన్నాయి. వదిలేసిన ట్యాంకుల్లో చాలావాటికి పెట్రోలే లేదు. మరి వాటిని ఎవరు ఓడించారని రాయాలి? ఖాళీ పెట్రోలు ట్యాంకుతో ఆగిపోయిన పాంథర్ దగ్గర చిల్లు వెతికితే దొరకదు. ఆ చిల్లు ఇరవై కిలోమీటర్ల వెనక, కాలిపోయిన పెట్రోలు లారీలో ఉంటుంది.

ఇదే కారణంగా పగలు కదలడమే ప్రమాదమైపోయింది. బండ్లు రాత్రిపూట, దీపాలు ఆర్పుకుని, నెమ్మదిగా పోవాలి. వేసవిలో అక్కడ రాత్రి చాలా చిన్నది. ఒక్క రోజులో చేరాల్సిన దళం మూడు రోజులకు చేరుతుంది, అదీ ముక్కలు ముక్కలుగా. జర్మన్ ఫీల్డ్ మార్షల్ రోమెల్ ఈ పరిస్థితిని ముందే ఊహించాడు. ట్యాంకులను తీరానికి దూరంగా ఉంచితే, అవసరమైనప్పుడు విమానాలు వాటిని రానివ్వవని వాదించాడు. జూలై 17న పగటివేళ రోడ్డు మీద వెళ్తున్న అతని కారు మీద స్పిట్‌ఫైర్ ఫైటర్లు కాల్పులు జరిపాయి. డ్రైవరు చనిపోయాడు. రోమెల్ తలకు తీవ్ర గాయమైంది, మళ్లీ యుద్ధరంగానికి రాలేదు.

పైనుంచి సరిగ్గా కనిపించదన్న సమస్యకు సేనలు కనిపెట్టిన మంచి ఉపాయం రేడియో. బ్రిటిష్ వాళ్లు ఇటలీలో మొదలుపెట్టి నార్మండీలో బాగా వాడిన పద్ధతికి 'క్యాబ్ ర్యాంక్' అని పేరు. అంటే టాక్సీ స్టాండు. కొన్ని విమానాలు ఎప్పుడూ ఆకాశంలో తిరుగుతూ సిద్ధంగా ఉంటాయి. నేల మీద ముందు వరసలో రేడియో ఉన్న బండిలో ఒక అధికారి ఉంటాడు. అతను మ్యాపులో గళ్ల అంకెలు చెప్తాడు, ఫిరంగివాళ్లు ఆ చోట రంగు పొగ గుండు వేస్తారు, పైలట్ ఆ పొగ మీదికి దిగుతాడు. గంటల్లో జరిగే పని నిమిషాల్లోకి వచ్చింది. అమెరికన్ జనరల్ పీట్ కేసాడా ఇంకో అడుగు ముందుకేశాడు. షెర్మన్ ట్యాంకుల్లో విమానాల రేడియో పెట్టించి, వాటిలో పైలట్లనే కూర్చోబెట్టాడు. ఇది నాకు చాలా తెలివైన పని అనిపిస్తుంది. పైనుంచి ఏది ఎలా కనిపిస్తుందో కింద ఉన్నవాళ్లలో పైలట్‌కే తెలుసు. "ఎడమ పక్క చర్చి, దాని వెనక చెట్ల వరస" అని పైలట్ భాషలోనే చెప్పగలడు.

జూలై 25న నార్మండీలో అమెరికన్లు మొదలుపెట్టిన కోబ్రా అనే దాడిలో ఈ పద్ధతి బాగా పనిచేసింది. అదే రోజు పెద్ద బాంబర్లు ఎత్తు నుంచి వేసిన బాంబులు సొంత సైన్యం మీద పడి, జనరల్ లెస్లీ మెక్‌నైర్‌తో సహా వందమందికి పైగా అమెరికన్లు చనిపోయారు. కింద ఉన్నవాడికీ పైన ఉన్నవాడికీ మధ్య మాట లేకపోతే ఏమవుతుందో ఆ ఒక్క రోజే రెండు వైపులా చూపించింది.

ఇలాంటి యుద్ధమే మనకు దగ్గరలో, బర్మాలో కూడా జరిగింది. రంగూన్‌ను మన కోస్తా జిల్లాలవాళ్లు రంగం అనేవాళ్లు. పనికోసం అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లు 1942లో జపాన్ దాడితో కొండలు, అడవులు దాటి నడుచుకుంటూ వెనక్కి వచ్చారు. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. రెండేళ్లు గడిచేసరికి ఆకాశం చేతులు మారింది. బ్రిటిష్ థండర్‌బోల్ట్‌లు 1944 సెప్టెంబరు నుంచి బర్మా యుద్ధంలోకి దిగాయి. అంతకు ముందు నుంచే హరికేన్లు ఆ పనిలో ఉన్నాయి, భారత వాయుసేన స్క్వాడ్రన్లతో సహా. అక్కడ ట్యాంకులు తక్కువ. అడవిలో దుంగలు, మట్టితో కట్టిన బంకర్లలో జపాన్ సైనికులు ఉండేవారు. పైనుంచి చెట్లు తప్ప ఏమీ కనిపించవు.

అక్కడ పుట్టిన ఒక పద్ధతి ఈ మొత్తం కథకు తాళం చెవి లాంటిదని నా అభిప్రాయం. విమానాలు మొదట నిజంగానే బాంబులు వేస్తాయి, కాలుస్తాయి. తర్వాత అదే దారిలో, అదే ఎత్తులో మళ్లీ వస్తాయి, ఈసారి ఏమీ వేయవు. బంకర్‌లో ఉన్నవాడికి ఆ తేడా తెలియదు. తల దించుకునే ఉంటాడు. ఆ కొద్ది నిమిషాల్లో మన పదాతి సైనికులు, వాళ్లలో ఎందరో భారతీయులు, బంకర్ అంచు దాకా పాకుతూ చేరేవాళ్లు. ఒక్క తూటా కూడా కాల్చని విమానం శత్రువు చేతులు కట్టేసింది. దాన్ని ఏ లెక్కలో రాస్తాం?

పైలట్ల వైపు నుంచి చూస్తే, ఇది ఆ యుద్ధంలో అత్యంత ప్రమాదకరమైన పనుల్లో ఒకటి. జర్మన్లు రోడ్ల వెంట, రైళ్ల మీద, స్థావరాల చుట్టూ నాలుగు గొట్టాల 20 మిల్లీమీటర్ల గన్లు పెట్టుకున్నారు. తక్కువ ఎత్తులో విమానం దెబ్బతింటే పారాచూట్ విప్పుకునేంత ఎత్తు ఉండదు. ఆకాశంలో పోరాటంలో నైపుణ్యం మనిషిని కాపాడుతుంది. నేల దాడిలో ఎంత గొప్ప పైలట్ అయినా, కనపడని తుపాకీ ముందు ఆ అయిదారు సెకన్లు నేరుగా ఎగరాల్సిందే. నార్మండీలో నోయె-బొకాజ్ అనే ఊళ్లో టైఫూన్ పైలట్ల స్మారకం ఉంది. దాని మీద ఆ ఒక్క వేసవిలో చనిపోయిన 151 మంది పేర్లు చెక్కి ఉన్నాయి. తాము కొట్టామనుకున్న ట్యాంకుల్లో ఎన్నింటికి నిజంగా తగిలిందో తెలియకుండానే వాళ్లు పోయారు.

ఈ విమానాల బలం ఎంతో జర్మన్లకు తెలుసనడానికి 1944 డిసెంబరులో ఆర్డెన్స్ అడవుల్లో వాళ్లు చేసిన పెద్ద దాడే సాక్ష్యం. మేఘాలు, మంచు కమ్ముకుని విమానాలు ఎగరలేని రోజుల కోసం కావాలనే ఆగి, డిసెంబరు 16న మొదలుపెట్టారు. వారం రోజులు వాతావరణం వాళ్ల పక్షాన ఉంది. 23న ఆకాశం తెరుచుకుంది. దాడిలో ముందు నడిచిన దళాల్లో ఒకటైన పైపర్ ట్యాంకు దళం లా గ్లేజ్ అనే ఊళ్లో పెట్రోలు లేక ఆగిపోయి, ట్యాంకులు అక్కడే వదిలేసి డిసెంబరు 24 తెల్లవారుజామున కాలినడకన వెనక్కి పోయింది.

పైనుంచి చూసినదానికీ కింద ఉన్నదానికీ మధ్య దూరం గురించే ఇంతసేపూ చెప్పాను. ట్యాంకుల లెక్కలో ఆ దూరం వల్ల పోయింది కొన్ని అంకెలే. అన్ని చోట్లా అలా జరగలేదు. పైలట్‌కు రైలు కనిపిస్తుంది, అందులో సైనికులున్నారో ఊరివాళ్లున్నారో కనిపించదు. బండి కనిపిస్తుంది, అది సైన్యానిదో రైతుదో తెలియదు.

1945 మే 3న, ఉత్తర జర్మనీలో ల్యూబెక్ అఖాతంలో, కాప్ ఆర్కోనా అనే పెద్ద ప్రయాణికుల ఓడ, తీల్‌బెక్ అనే సరుకుల ఓడ లంగరు వేసి ఉన్నాయి. నాజీ అధికారులు, సైనికులు సముద్రం మీద నార్వే వైపు పారిపోతున్నారని బ్రిటిష్ వాయుసేనకు సమాచారం ఉంది. ఆ ఓడల్లో ఉన్నది నాజీల నిర్బంధ శిబిరాల నుంచి, ముఖ్యంగా నోయెన్‌గమ్మె నుంచి తెచ్చి కుక్కిన ఖైదీలు. ఈ సంగతి ముందు రోజే రెడ్ క్రాస్ ద్వారా బ్రిటిష్ అధికారుల చెవిన పడింది, కానీ స్క్వాడ్రన్ల దాకా చేరలేదు. టైఫూన్లు వచ్చాయి. రాకెట్లు, బాంబులు వేశాయి. ట్యాంకులా కాదు, ఓడ పెద్దది, కదలదు, ఈసారి గురి తప్పలేదు. నీళ్లలో ఈదుతున్నవాళ్ల మీద కూడా గన్లు కాల్చారు. దాదాపు 7,000 మంది చనిపోయారు. అదే రోజు బ్రిటిష్ సైన్యం పక్కనే ఉన్న నోయిష్టాట్‌కు చేరుకుంది. మర్నాడు ఆ ప్రాంతంలోని జర్మన్ సేనలు లొంగిపోతున్నట్టు సంతకం చేశాయి.

ఆ ఓడల్లో ఎవరున్నారో ఆ దాడిలో పాల్గొన్న పైలట్లలో చాలామందికి ఎన్నో ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. ఆ తీరానికి మనుషుల ఎముకలు 1971 దాకా కొట్టుకువస్తూనే ఉన్నాయి.